నలభై డిగ్రీలు

బస్సు జిమ్మలగట్ట దాటింది. ఇక సిరొంచ గంటన్నర, రోడ్డు దయతలిస్తే గంటంపావు. ఈలోపల చెప్పాలి. ఊళ్లో దిగాక చెప్పలేడు, దిగాక అరుణశ్రీ తల్లి సత్తవ్వ ఉంటుంది, వాడంతా ఉంటుంది, డాక్టరమ్మ వచ్చిందని మీద పడతారు, ఆ నవ్వుల మధ్య నోరు తెరిచేంత మొనగాడు కాదు పోశం. అహేరిలో బస్సు మారినప్పుడే చెబుదామనుకున్నాడు. ఆలాపల్లిలో టేకు దుంగల డిపో దగ్గర చెబుదామనుకున్నాడు, అక్కడ బస్సు ఆగగానే అరుణశ్రీ దిగి పరుగున పోయి రెండు చాయ్‌లు పట్టుకొచ్చింది, చాయ్ చేతిలో పెట్టిన పిల్లకు ఆ మాట ఎట్లా చెబుతాడు? చాయ్ అయ్యాక చూద్దామనుకుంటే నిద్రపోయింది. కిటికీ ఊచకు తల ఆనించి, ఒళ్లో ప్లాస్టిక్ కవరు చుట్టిన నల్ల అట్ట థీసిస్‌ను రెండు చేతులా పట్టుకుని, గుంతగుంతకూ తల టకటక కొట్టుకుంటున్నా లేవకుండా నిద్రపోతోంది. పడుకోనీ పాపం. మూడేళ్లు కంటినిండా పడుకున్న పిల్ల కాదు. వచ్చే గురువారం నాగపూర్‌లో పెద్దపెద్ద సార్ల ముందు నిలబడి ఆ పుస్తకంలో ఉన్నదానికి జవాబు చెప్పాలి, చెబితే డాక్టరు. ఆ పుస్తకంలో సగానికి పైగా తప్పని ఈ లోకంలో ఇప్పటికి తెలిసింది ఒక్క పోశానికే. ఆ తప్పు చేసింది కూడా పోశమే.

నిన్ననే రిటైరయ్యాడు. కాలేజీ ల్యాబులో ముప్పై రెండేళ్ల చాకిరీ, ఆఖరికి ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన, నాలుగేళ్లకోసారి మొహం చూపించే తారీకున, శాలువా కప్పి గోడ గడియారం చేతిలో పెట్టి సాగనంపారు. గడియారం పైన బ్యాగులో ఉంది, బస్సు ఎగిరినప్పుడల్లా గలగలమంటోంది, ఊరు చేరేలోపు దాని ముల్లు ఊడటం ఖాయం. ఊడితే ఊడనీ, అతికించుకోడా ఏం? అతికించడం! ఛీ, ఆ మాట తలచుకుంటేనే ఒళ్లు చల్లబడుతోంది. ఏదైనా అతికించగలడని కదా పోశానికి పేరు. తెగిన బెల్టు, కాలిన మోటారు, ప్రిన్సిపాలు గారింటి మిక్సీ, పోశంకాకా ఉంటే చాలు, ఆఫీసుకు చీటీ పెట్టి కొత్తది వచ్చేదాకా ఆరునెలలు కూర్చునే పని లేదనేవాళ్లు. ఆ మాటకు ఉబ్బిపోయాడు, ఉబ్బిపోయి ఉబ్బిపోయి ఇదిగో ఇక్కడికి తెచ్చుకున్నాడు. అలసట. నడుం నొప్పి కాదు, కాళ్ల తీపు కాదు, అవి పాత చుట్టాలు, వాటి సంగతి తెలుసు. ఇది బుధవారం నుంచి పట్టుకుంది, ఎముకల్లో ఇసుక పోసినట్టు. ఇంట్లో గంగక్క ఎదురుచూస్తూ ఉంటుంది, ముప్పై రెండేళ్లు నెలకోసారి వచ్చిపోయిన మొగుడు ఇక మూలకు కూర్చోవడానికి వస్తున్నాడని. కూర్చుంటాడు. ఒక్క ఈ మాట బయట పడేస్తే కూర్చుంటాడు, పడేయకపోతే ఏ మూలన కూర్చున్నా కుదురుండదు.

పడేయకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు, అదే కదా అసలు కష్టం. గురువారం అయిపోతుంది, సార్లు చప్పట్లు కొడతారు, పుస్తకం బీరువాలోకి పోతుంది, ఏ మహానుభావుడూ తీసి చూడడు. మనవాడలో మొదటి డాక్టరు. వీళ్ల తాతలు ఒకరి పొలంలో నారు మోసి ఒకరి పొలంలో కోత కోసి బతికినవాళ్లు, సెంటు భూమి లేదు, సత్తవ్వ నిన్నమొన్నటిదాకా మోకాలి లోతు బురదలో వంగి నాట్లేసి ఈ పిల్లను చదివించింది. నాగపూర్‌కు మొదటిసారి తీసుకుపోయిన రోజు సత్తవ్వ ఇదే రోడ్డు మీద, ఇట్లాంటి ఎర్ర బస్సు కిటికీ పట్టుకుని, పోశన్నా నీ మీద ఏసిన, అంది. అంతే, ఇంకో మాట లేదు. తన మీద భారం వేసింది. తను ఏం చేశాడు? రాగి తీగ వేశాడు.

ల్యాబుల ఏం చేస్తరు అల్యూమినియంతో? అని గంగక్క ఒకసారి అడిగింది. ఏముంది, కాలుస్తం, నొక్కుతం అన్నాడు. మాట అంతే, పని మాత్రం కోటలో రాణికి సేవ చేసినట్టు ఉండేది. బొటనవేలి కణుపంత బిళ్లలు, రాగీ మెగ్నీషియమూ కలిపిన అల్యూమినియం, ఒక్కోదానికి అంకె కొట్టేది పోశమే, ఒకటి నుంచి ఎనభై నాలుగు దాకా. పైనా కిందా నల్లపొడి రాసి కొలిమిపెట్టెలో పెట్టి, మూడు వందలు, మూడు వందల యాభై, నాలుగు వందలు, మీటరు ఏ అంకె మీద నిలిస్తే ఆ అంకె మీద ప్రెస్సు దించేది. గబాలున నొక్కితే అల్యూమినియం కూడా మొండికేస్తుంది, ఎంత వేడిలోనైనా ఎదురు తన్నుతుంది. నిదానంగా, ఓపికగా నొక్కు, చపాతీపిండిలా లొంగుతుంది, నడుం దగ్గర బొజ్జ పెరిగి పీపాలా అవుతుంది. నొక్కడం అయ్యీ అవకముందే, మూడు లెక్కపెట్టేలోపు, పట్టకారుతో తీసి నీళ్లలో పడేయాలి, లోహం లోపల ఏ గింజ ఎట్లా నలిగిందో అట్లాగే బిగుసుకుపోవాలి, ఆలస్యమైతే వేడికి అది మళ్లీ సర్దుకుంటుందట. ఆ పని పోశం తప్ప ఎవరు చేసినా అరుణశ్రీకి నచ్చేది కాదు. అరుణశ్రీ గైడు సారు పాఠం చెబుతుంటే తలుపు పక్కన నిలబడి ఎన్నిసార్లు విన్నాడు, వేడిలో నలిగిన లోహం లోపల లోపలే సర్దుకుంటూ పోతుంది, అందుకే ఒక హద్దు దాటాక ఎంత నొక్కినా అదే బలం చాలు, పెంచనక్కర్లేదని. మనిషికి కూడా అంతే కదా అనుకునేవాడు అప్పట్లో, నాలాంటి వాడికి అనుకునేవాడు, నొక్కగా నొక్కగా ఇక నొప్పి పెరగదని. అబద్ధం. పెరుగుతోంది.

పక్క సీట్లో ఎవరి కోడో బుట్టలో కెక్కెక్కుమంటోంది. గోండీలో ఇద్దరు ఆడవాళ్లు ఆగకుండా మాట్లాడుకుంటున్నారు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ గొంతులు చెవికి హాయిగా ఉన్నాయి. నాన్న ఆదయ్యకు గోండీ వచ్చు, అంగడంగడికీ తిరిగి సొట్టలు తీసే మనిషికి అన్ని భాషలూ రావాలి కదా. అహేరి అంగడిలో చింతచెట్టు కింద నాలుగు బొగ్గులు రాజేసి, చెక్క సుత్తి పట్టుకుని కూర్చునేవాడు, ఎదురుగా సొట్టబడిన సిల్వర్ గంజులు, అవీ అల్యూమినియమే, వరస. ఈ సిల్వర్ మూగముండరా అనేవాడు, ఇనుమైతే ఎర్రబడి చెప్తది, ఇది మొఖం తెల్లగనే పెట్టుకొని లోపట మెత్తబడ్తది, చూస్తచూస్తనే కుప్పగూల్తది, అప్పుడు నీ గంజు లేదు నీ గంజి లేదు. అందుకే సబ్బు. బట్టల సబ్బుబిళ్లతో గంజు మీద ఒక గీత గీసేవాడు, ఆ గీత గోధుమరంగు తిరిగి నల్లబడిందా, టక్కున మంట మీంచి తీసి సుత్తి దెబ్బ. ఏ మీటరూ లేదు, జీవితంలో ఒక్క గంజు కరగబెట్టలేదు ముసలాయన. ల్యాబులో చేరిన కొత్తలో పోశం సరదాకు చూశాడు, నాన్న సబ్బు నల్లబడేది ఎప్పుడో, మీటరులో నాలుగు వందలకు ఒక పది తక్కువ. పదిసార్లు చూస్తే పదిసార్లూ అంతే. అప్పుడు ఎంత గర్వపడ్డాడు నాన్నను చూసి!

అదే సబ్బు బుధవారం నాడు మూడు వందల యాభైకే నల్లబడింది.

ఎలుక. దాని వంశం మండ, ఏడాదిన్నర కింద పొలాల అమావాస్య మర్నాడు కొలిమిపెట్టె వెనక వేడి చూసే తీగను కొరికిపెట్టింది. అరుణశ్రీ పొద్దున్నే వచ్చి మీటరు పలకకపోతే అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చింది, కొలిమి తన వంతుకు దొరికింది ఆ పదిహేను రోజులే. చీటీ పెడితే కొత్త తీగ సంక్రాంతి దాటాక గానీ రాదు. ఏడుస్తరా బిడ్డా గింతదానికి, జర్ర జరుగు, అన్నాడు పోశం. ఎలుక తిన్న మూర ముక్క తీసేసి, తన సొంత పెట్టెలోంచి ఫ్యాన్లకు చుట్టే రాగి తీగ తీసి అతికించాడు. మామూలుది కాదు, దాచుకున్న మంచి రాగి. రాగిని మించిన తీగ ఏముంది లోకంలో? తెల్లటి ఆ తీగలు రెండూ ఏవో చవక సరుకులా కనిపించాయి కళ్లకు, పిల్ల పనికి మంచిదే వేద్దామని వేశాడు. నల్ల టేపు చుట్టాడు. మీటరు పలికింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి, ఆ రోజు మెస్సులో రెండు చపాతీలు ఎక్కువ తిన్నాడు, సిగ్గులేని కడుపు.

పోయిన నెలలో సారు కొత్త పిల్లలకు పాఠం చెబుతున్నాడు, పోశం కిటికీ అద్దాలు తుడుస్తున్నాడు. వేడి చూసే తీగ జతను కొస దాకా అదే రకంతో తీసుకుపోవాలి, మధ్యలో ఇంకో లోహం అతికితే ఆ అతుకు దగ్గర ఎంత వేడి ఉందో అంతా మీటరు మింగేస్తుంది, తక్కువ చూపిస్తుంది, కానీ చూపిస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, అన్నాడు. పోశం చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆగి మళ్లీ తుడిచింది. ముప్పై రెండేళ్లలో ఆ పాఠం ఎన్నోసార్లు చెప్పి ఉంటాడు సారు, చెవులు ఎక్కడ పెట్టుకున్నాడో తను. మూడు వారాలు ఆ మాటను పక్కన పెట్టాడు, ఏమో, కొంచెమే తేడా ఉంటుందేమో, ఏమీ ఉండదేమో. బుధవారం నాడు మిషన్ అప్పజెప్పాలి, తుడిచి ఇవ్వాలి కదా, వెనక రేకు విప్పితే తన అతుకు తనను చూసింది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. తలుపు గడియ వేసి, బాత్రూములోంచి బట్టల సబ్బు తెచ్చి, పనికిరాని బిళ్ల మీద గీత గీసి లోపల పెట్టి కూర్చున్నాడు. మూడు వందల నలభై. మూడు వందల యాభై. నల్లగీత. నలభై డిగ్రీలు. మూడు వందల యాభై అని రాసిన చోటల్లా నిజానికి మూడు వందల తొంభై.

నలభైలో ఏముంది అనుకోవచ్చు ఎవరైనా. ఎండాకాలం సిరొంచలో మనుషులు తట్టుకునేదే నలభై ఏడు. కానీ అరుణశ్రీ కనిపెట్టిందే అది! ఈ మిశ్రమం పుస్తకాల్లో రాసినదానికంటే నలభై డిగ్రీలు ముందే మెత్తబడుతోందని, అంటే తక్కువ మంటతోనే విమానాల భాగాలు సాగదీయొచ్చని. సారు ఆ లెక్క చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. నిన్న వీడ్కోలు సభలో ఆ పిల్ల మైకు పట్టుకుని, నా ప్రతి అంకెలో మా పోశంమామ చెయ్యి ఉంది అని చెప్పి ఏడ్చేసింది, అందరూ చప్పట్లు. పోశం కూడా కొట్టాడు. ఇంకేం చేయాలి? అందరూ కొడుతుంటే ఊరుకుంటే బాగుండదని కొట్టాడు. థూ నీ బతుకు.

బస్సు గుభీమని ఆగింది. బామ్ని స్టాపు ఇంకా రాలేదు, మధ్యలో పోలీసు తనిఖీ. ఇద్దరు జవాన్లు ఎక్కారు, ఎక్కడి దేశం వాళ్లో, మొహాల మీద చెమట, తుపాకులు. సంచులు విప్పించుకుంటూ వచ్చారు. అరుణశ్రీ కళ్లు నులుముకుంటూ లేచింది. ఆమె సంచిలోంచి స్వీటు డబ్బా తీసి మూత తెరిచిన జవాను మొహం మారిపోయింది, లోపల పీపాల్లా నలిగిన లోహపు ముక్కలు, అంకెలతో సహా, అడవి దారిలో.

"యే క్యా హై?"

"అల్యూమినియం హై సాబ్. గరం కర్‌కే దబాయా. మాఁ కో దిఖానే లే జా రహీ హూఁ."

వేడి చేసి నొక్కిన అల్యూమినియం, అమ్మకు చూపించడానికి! జవాను ఒక ముక్క తీసి ఆమె వంకా ముక్క వంకా చూశాడు, మళ్లీ డబ్బాలో వేసి దిగిపోయాడు. సత్తవ్వకు చూపిస్తుందట, చూడవ్వా ఇదీ నేను చేసింది అని. ఆ ముక్కలు సత్తవ్వ దేవుని గూట్లో పెడుతుంది, పెట్టే మనిషే ఆమె. బస్సు కదిలింది. ఇప్పుడు కాకపోతే లేదు.

"బిడ్డా, ఒక మాట."

"ఏంది మామా?"

"నీ పుస్తకంల లెక్కలు తప్పు. నువ్వు తప్పు చెయ్యలే. నేను చేసిన."

అరుణశ్రీ నవ్వింది. "ఎండ తాకిందా మామా?"

"పొలాల అమాస తెల్లారి ఎలుక వైరు కొరికింది యాదున్నదా? దానికి రాగి తీగ ఏసి అతికిన."

నవ్వు మొహం మీద ఉండగానే కళ్లు మారిపోయాయి. చదువుకున్న పిల్ల, రాగి అన్న ఒక్కమాట చాలు, విడమరిచి చెప్పే శిక్ష తప్పింది పోశానికి.

"ఏడ అతికినవ్? మీటరు దిక్కా, కొలిమి దిక్కా?"

"కొలిమి దిక్కు. ఎనక రేకు కింద."

"ఎంత తేడా?"

"సబ్బు పెట్టి చూసిన. నలభయి ఉంటది."

అరుణశ్రీ డబ్బా మూత పెట్టింది. ఒకవైపు పట్టక మళ్లీ తీసి మళ్లీ పెట్టింది. "మామా, గా నలభయే నా థీసిస్" అంది, చాలా మెల్లగా, పక్కన కోడి బుట్ట మనిషికి వినబడకుండా.

"ఇరవై రెండో బిళ్ల దాకా మంచియే. గవి ఎలుక ముందటియి."

"ఎనభై నాలుగుల ఇరవై రెండు." తల కిటికీ వైపు తిప్పుకుంది. అటు తిరిగే అడిగింది. "అతికేముందు నన్ను ఒక్కమాట అడగరాదా మామా?"

"రాగి మంచిదని..."

"మంచిదని!" ఆ పిల్ల గొంతు అట్లా చీలడం పోశం ఎన్నడూ వినలేదు. "ఎప్పుడు ఎరికయింది నీకు?"

"బుధారం."

"బుధారం సంది నా పక్కన తిరుగుతున్నవ్. నా చేతి చాయ్ తాగినవ్."

తాగాడు. తీపి ఎక్కువైందని కూడా అన్నాడు.

"సార్‌కు ఎరికేనా?"

"లేదు."

"ఇంకెవలకన్న?"

"ఎవలకు లేదు బిడ్డా. నీకే."

బామ్ని వచ్చింది, గోండు ఆడవాళ్లు దిగిపోయారు, కోడి దిగిపోయింది, బస్సు సగం ఖాళీ అయి ఇంకా ఎగిరెగిరి పడుతోంది. ఆ పిల్ల మనసులో ఏం తూగుతోందో పోశానికి తెలుసు. ఇద్దరే ఎరిగిన సంగతి, ఇద్దరూ నోరు మూసుకుంటే సరి. తను చెప్పేశాడు, తన బరువు దిగింది, దిగి ఎక్కడికి పోయింది, ఆ పిల్ల నెత్తికి. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల నెత్తికి. ఎవరికీ చెప్పకు మామా అని అంటుందేమో అని చెవులు రిక్కించాడు, అంటే బాగుండునని కూడా అనుకున్నాడు, అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఎడమవైపు చెట్లు పలచబడి వరిపొలాలు మొదలయ్యాయి, అక్కడక్కడ ఎండిన కొయ్యకాళ్లు, అక్కడక్కడ యాసంగి పచ్చదనం. నాకు ఓపిక లేదు దేవుడా, అనుకున్నాడు, నాకు ఇక దేనికీ ఓపిక లేదు, ఈ బస్సు ఇట్లాగే పోతూ ఉంటే బాగుండు, సిరొంచ రాకుండా, గోదారి అవతలికి పోయినా సరే. సిరొంచ వచ్చింది.

స్టాండులో సత్తవ్వ ఒక్కతే రాలేదు, నాట్ల జట్టు ఆడవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు, తలలకు నూనె, ఉతికిన చీరలు. అరుణశ్రీ దిగీ దిగకముందే బుగ్గలు పుణికి నెటికలు విరిచారు. సత్తవ్వ కూతుర్ని ఒక చేత్తో పొదువుకుని, రెండో చేతిలో ఉన్న కొత్త తువ్వాల మడత విప్పుతూ పోశం వైపు వచ్చింది. ఎర్ర అంచు తువ్వాల, అంగడిలో ఏరి తెచ్చి ఉంటుంది. "పోశన్నా, నా బిడ్డను డాక్టర్ చేసినవ్. మాకు శాలువలు రావు, గీ తువ్వాలనే కప్పుకో" అంది. ఆడవాళ్లంతా నవ్వు మొహాలతో చూస్తున్నారు.

"అవ్వా" అంది అరుణశ్రీ. "నేను ఇంకా డాక్టర్ కాలే. మళ్ల మొదలుసంది చెయ్యాలె. రేపే సార్‌కు ఫోన్ చేస్త. ఏడాది పడ్తది, ఎక్కువే పడ్తదేమో."

ఫోన్ చేస్తుంది. పోశానికి ఆ మాట వినగానే కన్నీళ్లొచ్చాయి, ఎందుకొచ్చాయో, సంతోషమో దుఃఖమో తేల్చుకునే తీరిక కూడా ఇవ్వలేదు సత్తవ్వ.

"ఏమాయెనే? అంత అయిపోయింది, పుస్తకం గూడ అచ్చయింది అంటివి!"

"మిషిన్ల వైరు ఖరాబుగ కట్టిండ్రు. లెక్కలన్ని తప్పొచ్చినయ్."

"ఎవడే గా కట్టినోడు? వాని చేతులిరగ! నా బిడ్డ ఏండ్లకేండ్లు కండ్లల్ల ఒత్తులేసుకొని చేసినదంత బుగ్గిపాలు జేసిండు, ఎవడే వాడు?"

అరుణశ్రీ పోశం వైపు చూడలేదు. సంచి భుజం మార్చుకుంటూ, "ఎవలో అవ్వా, ఎప్పటిదో. పా, ఇంటికి పోదాం" అంది.

పోశం చేతిలోని బ్యాగు కింద పెట్టాడు.

"నేనే కట్టిన, సత్తవ్వా."

నవ్వుతున్న ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆగిపోయారు. సత్తవ్వ అతని మొహంలోకి చూసింది, కూతురి మొహంలోకి చూసింది, మళ్లీ అతని మొహంలోకి చూసింది. విప్పిన తువ్వాల ఆమె చేతుల్లోనే ఉండిపోయింది.